సున్నపు బట్టీ దాటని బండి

షెడ్డులోంచి,
ఫిబ్రవరి 9

ఒరేయ్ బావమరిదీ,

బండి కదిలింది. పదకొండేళ్ళుగా మీ అక్క చేత "ఆ తుప్పు సామాను" అనిపించుకున్న బండి మొన్న ఆదివారం పొద్దున రెండో కిక్కుకే అందుకుంది. నలభై ఏళ్ళు లేత్ మిషన్ దగ్గర నిలబడినవాణ్ణి, యంత్రం తిరగడం నాకు కొత్తేమీ కాదు. అయినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగకేమో అనుకుంది మీ అక్క. నేనూ పొగకే అన్నాను.

ఫోన్ చేద్దామంటే నీ వైండింగ్ షాపులో మోటార్ల రొదకి సగం నీకు వినపడదు, మిగతా సగం నువ్వు వినవు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. తీరిగ్గా చదువు.

బండి చల్లగా ఉన్నంతసేపూ బంగారం. ఊరు దాటి ఇరవై నిమిషాలు ఎంత బాగా వెళ్తుందో చెప్పలేను. కనుమ దారి మొదలయ్యేచోట పాత సున్నపు బట్టీ ఉంది, గుర్తుందిగా? సరిగ్గా అక్కడికి వచ్చేసరికి మిస్సింగ్ మొదలవుతుంది. ముందు ఒక్కసారి దగ్గినట్టు, కాసేపటికి రెండుసార్లు, ఆ తరవాత వరసపెట్టి. చివరికి ఆగిపోతుంది. అరగంట రోడ్డు పక్కన కూర్చుని వచ్చేపోయేవాళ్ళ సలహాలు విన్నాక కిక్కు కొడితే, ఏమీ ఎరగనట్టు మళ్ళీ అందుకుంటుంది. వారంలో మూడుసార్లు వెళ్ళాను, మూడుసార్లూ ఇదే తంతు.

ఈ పాత మోటార్‌సైకిల్ని బాగుచేయడం మొదలుపెట్టిన రోజున మీ అక్కకు మాటిచ్చాను, వెనక కూర్చోబెట్టుకుని కనుమ పైదాకా తీసుకెళ్ళి నది చూపిస్తానని. పెళ్ళైన కొత్తలో ఆ దారిన బస్సులో వెళ్ళాం. కిటికీ సీట్లో నేను కూర్చున్నాను. ముప్పై నాలుగేళ్ళయినా ఆ దెప్పిపొడుపు ఆగలేదు. వానలు పడకముందే తీసుకెళ్ళాలి. ఎందుకని అడక్కు, వెళ్ళాలంతే.

ప్లగ్గుకి నిప్పురవ్వ అందించే మాగ్నెటోలో కాయిల్ చుట్టింది నువ్వు. బండి ఎముకలు నావైనా ప్రాణం నీది. ఆలోచించి రాయి.

నీ బావ

వైండింగ్ షాపు,
ఫిబ్రవరి 18

బావా,

పొగ కథలు అక్కకి చెప్పు, నాకు కాదు. నువ్వు ఏడ్చి ఉంటావు. నా పెళ్ళిలో కూడా ఏడ్చినవాడివి, అదీ నా తరఫున.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తప్పు ట్యాంకు మూతలో ఉంది. ఆ మూతకి లోపలి నుంచి సన్నటి కన్నం ఒకటి ఉంటుంది, గాలి దూరడానికి. గాలి దూరకపోతే పెట్రోలు కిందికి దిగదు. నువ్వేమో పెళ్ళికొడుకుని ముస్తాబు చేసినట్టు దానికి తళతళలాడే పూత పూయించావు. ఆ పూత కన్నాన్ని మూసేసి ఉంటుంది. ఇరవై నిమిషాలకి ట్యాంకులో ఊపిరి అందక బండి ఆగుతోంది, నువ్వు కూర్చున్న అరగంటలో మళ్ళీ గాలి పీల్చుకుంటోంది. సన్నటి సూదితో పొడువు. పనిలో పనిగా ప్లగ్గు మార్చు, పాయింట్ల మధ్య సందు చూడు.

కాయిల్ గురించి మాత్రం బుర్ర పాడుచేసుకోకు. పదివేల చుట్లు, తల వెంట్రుకకన్నా సన్నటి తీగ, ఒక్కటంటే ఒక్క అతుకు లేదు. తీగ మధ్యలో తెగితే చుట్టిందంతా కోసి పారేసి మళ్ళీ మొదటి చుట్టు నుంచి మొదలుపెట్టాలి. మా గురువు దగ్గర నేర్చుకున్నది అదే, ముప్పై ఏళ్ళుగా చేస్తున్నదీ అదే.

అక్కని ఇప్పుడే చీర కొంగు సర్దుకోమను. వచ్చే ఆదివారానికి నది చూసేస్తారు.

నీ బావమరిది

షెడ్డులోంచి,
మార్చి 8

ఒరేయ్,

కన్నం నిజంగానే పూడుకుపోయి ఉంది. సూది దూరగానే ఎగిరి గంతేసి నిన్ను మెచ్చుకున్నాను. కొత్త ప్లగ్గు వేశాను. పాయింట్లు గరుకు కాగితంతో రుద్ది, రేకు పెట్టి సందు సరిచూశాను. మీ అక్క తల దువ్వుకుని కొత్త చెప్పులేసుకుని వచ్చింది.

సున్నపు బట్టీ దగ్గర ఆగిపోయాం.

పాపం మీ అక్క, కొత్త చెప్పులతోనే దిగి వెనకనుంచి తోసింది. ఆగినప్పుడు నా ఎడమ కాలు నేల మీద సరిగ్గా ఆనక బండి ఒరిగిపోయింది, ఆ దారిన వెళ్తున్న లారీవాడు దిగి నిలబెట్టాడు. పదకొండేళ్ళు కూర్చుని పనిచేసి కాలు మొద్దుబారిపోయిందిలే.

ఇంకోమాట. మనం గురక అని పిలిచే కార్బురేటర్ మెకానిక్ నిన్న షెడ్డుకి వచ్చాడు. వాడు బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి, "వేడెక్కాక ఆగి, చల్లారాక అందుకుంటోందంటే ఇంకేం చూడక్కర్లేదన్నా, కాయిలే పోయింది" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "అది మా బావమరిది చుట్టిందిరా, నువ్వు పుట్టకముందు నుంచి చుడుతున్నాడు, నోరుమూసుకుని టీ తాగి వెళ్ళు" అన్నాను. టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

తరవాత ఒక్కణ్ణే కూర్చుని ఆలోచించాను. కోపం తెచ్చుకోకుండా చెప్పు. వేడికి కాయిల్ లోపల ఏమైనా కావడానికి వీలుందా? నీ పనిమీద అనుమానం కాదు. వారాలు గడిచిపోతున్నాయి, అందుకని అడుగుతున్నాను.

నీ బావ

వైండింగ్ షాపు,
మార్చి 16

బావా,

కోపం తెచ్చుకోవద్దని రాశావు కాబట్టి తెచ్చుకోను. అయినా అడగాల్సిన ప్రశ్నేనా అది? కార్బురేటర్లో ముక్కు పెట్టి నిద్రపోయేవాడు కాయిల్ గురించి చెబితే నువ్వు విని, దాన్ని కాగితం మీద పెట్టి నాకు పంపుతావా? ఆ కాయిల్ నా బల్ల మీద పరీక్ష చేశాను. నిప్పురవ్వ ఇంత పొడుగున దూకింది. నీ కాళ్ళ ముందు కాయిల్ పెట్టి ప్రమాణం చేయమంటావా?

వేడికి తప్పు చేసేది వాల్వులు. లోహం వేడికి సాగుతుందని లేత్ వాడివి నీకు నేను చెప్పాలా? సందు తక్కువ పెట్టి ఉంటావు. వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోక మిస్సింగ్ కొడుతోంది. ఇంజిన్ తల విప్పు. వాల్వులు అరగదీసి, కొత్త సందు పెట్టి, టైమింగ్ మొదటినుంచి చూసుకో. నెల పట్టినా పట్టనీ. తొందరపడి చేసే పని కాదిది.

అక్కకి రెండుసార్లు ఫోన్ చేశాను. "బాగున్నాం, పనుంది" అని పెట్టేసింది. నువ్వేమైనా చాడీలు చెప్పావా?

నీ బావమరిది

షెడ్డులోంచి,
ఏప్రిల్ 21

బావమరిదీ,

ముందుగా, అడిగినందుకు నా చెంపలు నేనే వేసుకుంటున్నాను. నీ పనిని శంకించడం నా తప్పే. ఆ మాట నిన్ను కష్టపెట్టిందని ఉత్తరం చదువుతుంటేనే తెలిసింది. మీ అక్క కూడా నన్ను కడిగేసింది.

నువ్వు చెప్పినట్టే తల విప్పాను. వాల్వులు అరగదీశాను. వాల్వు జారే గైడు ఒకటి నాకు నచ్చలేదు, మా పాత వర్క్‌షాపుకి వెళ్ళి నా లేత్ మీదే కొత్తది తీశాను. ఒకప్పుడు గంటలో తీసేవాణ్ణి, ఇప్పుడు మూడు రోజులు పట్టింది. కొలతకి చెయ్యి నిలవడం లేదు. పక్క మిషన్ వాడు పట్టుకోబోతే కసిరాను. తరవాత వాడి చేతే పట్టించుకున్నాను.

అంతా బిగించి నిన్న బయల్దేరాం. ఇరవై ఒక్క నిమిషాలు. సున్నపు బట్టీ. అక్కడి కాపలావాడు మా ఇద్దరికీ ముందే రెండు కుర్చీలు వేసి ఉంచాడు. మీ అక్క నవ్వింది. నేనూ నవ్వాలని చూశాను.

కిక్కు కొట్టడం కష్టంగా ఉంది. ఒకటి కొడితే పది నిమిషాలు కూర్చోవాల్సి వస్తోంది. అక్షరాలు వంకరగా ఉన్నాయని వెక్కిరించకు, బల్ల కదులుతోంది.

మాగ్నెటో విప్పి నీకు పంపనా? నీ మీద నమ్మకం లేక కాదు. మిగతావన్నీ చూసేశాను, ఇక చూడ్డానికేమీ మిగల్లేదు. ఒక్కసారి నీ బల్లమీద వేడిచేసి చూసి, బాగుందని రాసి పంపు. నాకు మే నెల ఒక్కటే ఉంది.

నీ బావ

వైండింగ్ షాపు,
మే 3

బావా,

మాగ్నెటో పంపకు. దారిలో ఎవడో కింద పడేస్తే అయస్కాంతం పాడవుతుంది. పైగా ఎండాకాలం, ఊళ్ళో ఉన్న పంకాలూ పంపు మోటార్లూ అన్నీ నా నెత్తిమీదే ఉన్నాయి. ఇప్పుడు దాన్ని ముట్టుకునే తీరిక లేదు.

నాకిప్పుడు తట్టింది. పెట్రోలు గొట్టం ఇంజిన్‌కి మరీ దగ్గరగా వెళ్తోందేమో చూడు. వేడికి గొట్టంలోనే పెట్రోలు ఆవిరైపోతుంది. గొట్టాన్ని పక్కకి తిప్పి, మందపాటి గుడ్డ చుట్టు.

అప్పటికీ కాకపోతే వదిలెయ్. వానలు వెళ్ళాక నేనే వస్తాను. ఇద్దరం కూర్చుని తీరిగ్గా చూద్దాం. కనుమ ఎక్కడికీ పారిపోదు, నది ఎండిపోదు. ముప్పై నాలుగేళ్ళు ఆగిన అక్క ఇంకో నాలుగు నెలలు ఆగలేదా? ఏమిటి బావా నీకా తొందర?

నీ బావమరిది

ముందు గది,
మే 29

ఒరేయ్,

ఈ ఉత్తరం మూడు రోజులుగా రాస్తున్నాను. వేళ్ళు మాట వినడం లేదు. ఉత్తరాలు కూడా ఇప్పుడు మీ అక్కే చదివి వినిపిస్తోంది. కాగితం పట్టుకుంటే వణుకుతోంది, అక్షరాలు నిలవడం లేదు.

తొందర ఏమిటని అడిగావు. చెప్తాను.

జనవరిలో పెద్దాసుపత్రికి వెళ్ళాం. నరాల జబ్బట. కండరాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతూ వస్తాయి. ముందు ఎడమ కాలు, తరవాత కుడిది, తరవాత చేతులు, ఆ తరవాత మింగడం, ఊపిరి. మందు లేదు. "వానలు వచ్చేసరికి నడవలేరు" అంది డాక్టరమ్మ. నిజాయితీ గల మనిషి, చెప్పినట్టే జరుగుతోంది.

నీకు చెప్పొద్దని మీ అక్కతో ఒట్టు వేయించుకున్నాను. ఆమె నీతో మాట్లాడకపోవడానికి కారణం అదే, నీ గొంతు వింటే ఏడుపు ఆపుకోలేదు. ఎందుకు చెప్పలేదంటావా? చెబితే షాపు మూసి పరిగెత్తుకొచ్చి నా మంచం పక్కన మొహం వేలాడేసుకుని కూర్చునేవాడివి. ఇక్కడ అందరూ నాతో మెల్లగా మాట్లాడుతున్నారు. ఎప్పటిలా నన్ను తిట్టేవాడివి నువ్వొక్కడివే మిగిలావు. అది పోగొట్టుకోబుద్ధి కాలేదు.

గొట్టానికి గుడ్డ చుట్టాం. గురకే వచ్చి చుట్టాడు, వాడి చేతే కిక్కు కొట్టించాను. మే 20న మీ అక్కని ఎక్కించుకుని బయల్దేరాను. ఆమె వద్దంది, బతిమాలాను. బట్టీ దగ్గర మిస్సింగ్ కొట్టి ఆగింది. కాలు పెట్టాను. కాలు లేదురా అక్కడ. ఇద్దరం పడ్డాం. బండి నా మీద, నేను మీ అక్క చెయ్యి మీద. ఆమె మణికట్టు ఎముక చిట్లింది. ఎడం చేతికి కట్టు కట్టారు. కాపలావాడు ఇద్దర్నీ లేపి, ఆటోలో పడుకోబెట్టి పంపాడు.

షెడ్డు తలుపు వేసేశాం. ఇక నేను ఎక్కలేను. ఇది బాధతో అంటున్న మాట కాదు, నిజంగానే ఎక్కలేను.

మీ అక్కకి నది చూపించలేకపోయాను. ఇంత వయసొచ్చి దీనికి ఏడుస్తున్నానని నవ్వకు.

నీ బావ

వైండింగ్ షాపు,
జూన్ 6

బావా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. సూటిగా రాసేస్తాను.

తప్పు కాయిల్‌దే. నీ మొదటి ఉత్తరం చదవగానే నాకు తెలిసిపోయింది. వేడెక్కితే ఆగి చల్లారితే అందుకోవడం అంటే ఏమిటో ఈ వృత్తిలో నెల పనిచేసినవాడికైనా తెలుస్తుంది. గురకకి తెలిసింది. నాకు తెలియకుండా ఉంటుందా?

రెండేళ్ళ కిందట ఆ కాయిల్ చుడుతున్నప్పుడు తీగ తెగింది. ఏడువేల చుట్లయ్యాక తెగింది. కోసి పారేసి మళ్ళీ చుట్టాలి. చుట్టలేకపోయాను. అప్పటికే నా కళ్ళకి పొర కమ్మి ఏడాది అవుతోంది బావా. ఆ సన్నతీగ నాకు కనపడదు. ఆ ఏడువేల చుట్లూ వేలికొసలతో తడుముకుంటూ వారం రోజులు చుట్టాను. మళ్ళీ మొదలుపెట్టే ధైర్యం లేక, తెగినచోట అతుకు వేసి, పైన కాగితం చుట్టి, వార్నిష్ పూసేశాను. బల్ల మీద చల్లగా ఉన్నప్పుడు పరీక్ష చేశాను, రవ్వ దూకింది. వేడి చేసి చూడలేదు. చూస్తే ఏం కనపడుతుందో తెలుసు కాబట్టే చూడలేదు.

నా కళ్ళ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే వైండింగ్ పని నా చేతుల్లోంచి పోతుంది. పంకాలకీ పంపులకీ మందపాటి తీగ కాబట్టి ఎలాగో నెట్టుకొస్తున్నాను. నువ్వు మాగ్నెటో పంపుతానన్నప్పుడు నాకు చెమటలు పట్టాయి. పంపితే విప్పాలి, విప్పితే మళ్ళీ చుట్టాలి. అందుకే వద్దన్నాను. మూత అన్నాను, వాల్వులన్నాను, గొట్టం అన్నాను. నువ్వు నమ్మి ఒక్కొక్కటీ చేశావు. పైగా నన్ను అనుమానించినందుకు చెంపలేసుకున్నావు. ఆ ఉత్తరం నా బల్ల సొరుగులో ఉంది. ఆ సొరుగు తెరవడం మానేశాను.

జబ్బు సంగతి తెలిసి ఉంటే మొదటిరోజే చెప్పేవాణ్ణి. ఇది సాకు కాదు. సాకే అనుకున్నా అనుకో.

మూడు రోజుల కిందట రోడ్డు దాటి అవతలి వైండింగ్ షాపుకి వెళ్ళాను. చేతిలో వేగం లేదని ఇరవై ఏళ్ళుగా "మైనం" అని పేరుపెట్టి వెక్కిరించానే, అతని దగ్గరికి. నా కళ్ళు పోయాయని చెప్పాను, అతుకు సంగతీ చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కుర్చీ చూపించాడు. నా దగ్గరున్న ఇంకో మాగ్నెటోకి అతనే రాత్రీ పగలూ కూర్చుని కొత్త కాయిల్ చుట్టాడు. పొయ్యి పక్కన పెట్టి వేడెక్కించి రెండు గంటలు తిప్పి చూశాం. రవ్వ ఒక్కసారి కూడా తెగలేదు. ఈ ఉత్తరంతోపాటే పార్సిల్ పంపుతున్నాను. గురక చేత బిగించు.

వచ్చే నెల మొదట్లో వస్తాను. కాళ్ళు పట్టుకుంటాను. అక్క చెయ్యి నా మూలంగానే విరిగింది. తిట్టు బావా, ఇదివరకట్లా తిట్టు. లేకపోతే క్షమించానని ఒక్క ముక్క రాయించు. ఏదో ఒకటి రాయించు. ఊరుకోకు.

నీ బావమరిది

ముందు గది,
జూన్ 24

ఒరేయ్ బావమరిదీ,

ఇది మీ అక్క దస్తూరి, మాట నాది. మాట కూడా ముద్దగా వస్తోంది, ఒక్కో ముక్క మూడుసార్లు అడిగి రాసుకుంటోంది. బళ్ళో నేర్చుకోని శ్రద్ధంతా ఇప్పుడు చూపిస్తోంది.

నీ పార్సిల్ అందింది. గురక ఒక్క పూటలో బిగించేశాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి షెడ్డు దాకా మోసుకెళ్ళారు. బయట వాన. మొదటి కిక్కుకే అందుకుంది. ఇరవై నిమిషాలు దాటింది. ముప్పై దాటింది. ఇంజిన్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి అన్నాడు గురక. ఒక్క మిస్సింగ్ లేదురా. పదకొండేళ్ళుగా నా బుర్రలో విన్న చప్పుడు అదే.

సంతోషిస్తాననుకున్నాను. నలభై నిమిషాలకి ఆపెయ్యమన్నాను. వినలేకపోయాను.

పాత మాగ్నెటో విప్పి లోపల ఏముందో చూస్తానన్నాడు గురక. "మా బావమరిది చేతి పని, విప్పడానికి నువ్వెవడివిరా" అన్నాను. ఈసారి టీ తాగే వెళ్ళాడు. అయస్కాంతానికి వయసైపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావు? అక్కణ్ణుంచే నాలుగు నెలలు ఎన్ని రకాలుగా బుర్ర బద్దలుకొట్టుకున్నావు! చివరికి నీ పనులన్నీ పక్కనపెట్టి కొత్తది పంపావు. సొంత తమ్ముడైనా అంత చెయ్యడు. నీ రుణం ఉంచుకుని పోతున్నాను.

బండి నీకే. నువ్వొచ్చి తీసుకెళ్ళు. అలిసిపోయాను, ఇక ఉంటాను.

నీ బావ

తమ్ముడూ,

పైదంతా మీ బావ చెప్పింది చెప్పినట్టు రాశాను. ఇప్పుడు పడుకున్నారు. ఇక్కణ్ణుంచి రాస్తున్నది నేను.

నీ ఉత్తరం వచ్చినప్పుడు ఎప్పట్లాగే ఆయన పక్కన కూర్చుని విప్పాను. పైకి చదవబోతూ మొదటి నాలుగు వరసల మీద కళ్ళు పడ్డాయి. అద్దాలు మర్చిపోయానని చెప్పి వంటింట్లోకి వెళ్ళాను. కుళాయి తిప్పి, నిలబడి చివరిదాకా చదివాను. తిరిగొచ్చి ఆయనకి చదివి వినిపించాను, ఆ కాగితం మీద లేని ఉత్తరాన్ని. నాకు అంత కల్పించడం వచ్చని నాకే తెలియదు.

నది కోసం నేను ఏనాడూ ఏడవలేదురా. ఆయన్ని దెప్పడానికి ఒక మాట కావాలి కాబట్టి దెప్పేదాన్ని. ఆ మాట ఆయన ఇంతగా మోస్తున్నారని తెలిస్తే అనేదాన్నే కాదు. ఫిబ్రవరిలో ఆయన మెట్లు ఎక్కేవారు. మార్చిలో కూడా ఎక్కేవారు.

క్షమించమని రాశావు. చదివి వినిపించి ఉంటే ఆయన క్షమించేవారు, అనుమానం లేదు. అందుకే చదవలేదు. కాళ్ళు పోయాయి, చేతులు పోయాయి, మాట పోతోంది. నిన్ను నమ్మడం ఒక్కటి మిగిలింది ఆయనకి. నువ్వు తేలికపడ్డం కోసం అది కూడా ఆయన దగ్గర్నుంచి లాక్కోలేను. నా సంగతంటావా, నేను క్షమించలేదు. ముందుముందు క్షమిస్తానో లేదో నాకు తెలియదు.

వస్తానన్నావు కదా, రా. తొందరగా రా. మాగ్నెటోలో తేడా ఎక్కడొచ్చిందని ఆయన నిన్ను తప్పకుండా అడుగుతారు. అయస్కాంతం పాతబడిందని చెప్పాను. ఆయన కళ్ళలోకి చూసి నువ్వూ అదే చెప్పు.

అక్క